పాఠం చెప్పేవారికి అబ్బే చదువు

పిల్లలకు స్వచ్ఛందంగా చదువు చెప్పేవారు ఎన్నో రకాలు. సాయంత్రం బడి వదిలాక హోంవర్కు చేయించే కాలేజీ కుర్రవాడు, వేసవి సెలవుల్లో చిన్నపిల్లలకు చదవడం నేర్పే ఇంటర్ అమ్మాయి, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఊరి బడికి వెళ్లి లెక్కలు చెప్పే పెద్దాయన, అందరూ ఈ కోవలోని వారే. వారి పని ఎలా సాగిందో తెలుసుకోవాలంటే ఎవరైనా మొదట చూసేది పిల్లల మార్కులు. అది సబబే, ఎందుకంటే ఆ పని మొదలైందే పిల్లల కోసం. అయితే గత అరవై ఏళ్ల పరిశోధనల్లో మరో ఫలితం కూడా పదేపదే కనిపించింది. చెప్పేవారి విషయ జ్ఞానం మారుతోంది. ఎదుటి మనిషి ఆలోచనను పట్టుకునే తీరు మారుతోంది. పేదరికం గురించి, సమాజం గురించి వారి అభిప్రాయాలు మారుతున్నాయి. కొన్ని సందర్భాల్లో శరీరంలో కూడా కొలవదగిన తేడా వస్తోంది. ఈ మార్పును మంచితనానికి దక్కిన పుణ్యఫలంగా చెప్పుకోవడం అలవాటు. దాని కారణాలు మాత్రం విడమరచి చెప్పడం అనే పనిలోనే ఉన్నాయి. ఆ పని సరిగా జరగని చోట మార్పు కూడా రాదు.

ఎగ్మూరు బడి, బళ్లారి నివేదిక

పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతికి ఇంగ్లండులో ప్రచారం తెచ్చిన ప్రయోగం మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగింది. స్కాట్లండుకు చెందిన ఆండ్రూ బెల్ 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కోసం పెట్టిన ఆశ్రమ పాఠశాలకు అధిపతిగా చేరాడు. అక్కడి వీధి బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూసి, తన బడిలో కూడా అలాగే నేర్పమన్నాడు. ఉపాధ్యాయులు సుముఖంగా లేకపోవడంతో ఆ పనిని ఒక చిన్న కుర్రవాడికి అప్పగించాడు. పెద్దలు కుదరదన్న పని ఆ కుర్రవాడి చేతిలో కుదిరింది. క్రమంగా బడి అంతా అదే ఏర్పాటు మీద నడిచింది. బెల్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక 1797లో ఈ ప్రయోగం మీద పుస్తకం అచ్చు వేయించాడు. అక్కడ అది మద్రాసు పద్ధతి పేరుతో ప్రచారంలోకి వచ్చింది.

చెప్పేవాడికి కలిగే లాభాన్ని స్పష్టంగా రాసిపెట్టినది మాత్రం మరొకరు. ప్రెసిడెన్సీ గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో జవాబు పంపాడు. ఆ జిల్లా బడుల్లో తెలుగులోనూ కన్నడంలోనూ చదువు సాగేది. చదువులో ముందున్న పిల్లలు వెనకబడినవారికి చెబుతారనీ, అలా చెబుతూ తమకు వచ్చినదాన్ని గట్టి చేసుకుంటారనీ అతను రాశాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం తగిన పనేనని మెచ్చుకున్నాడు కూడా. విద్యా మనస్తత్వశాస్త్రం అనే శాఖ ఇంకా పుట్టని రోజుల్లో ఒక రెవెన్యూ అధికారి నివేదికలో ఈ పరిశీలన ఉండడం విశేషం.

ఇంగ్లండులో ఆ పద్ధతి వేరే దారి పట్టింది. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ ఇలాంటి ఏర్పాటుతోనే ఒక ఉపాధ్యాయుడి కింద వందల మంది పిల్లలను కూర్చోబెట్టాడు. ఖర్చు తగ్గించడం ప్రధానమైంది. పెద్ద పిల్లవాడు తనకు ఇచ్చిన ముక్కను వల్లించి, ఎదుటివారి చేత వల్లింపజేసి, తరువాతి వరుసకు వెళ్లిపోవాలి. ప్రశ్నకు గానీ సందేహానికి గానీ అందులో చోటు లేదు. బళ్లారి బడుల్లో చెప్పేవాడికి దక్కిన లాభం ఇక్కడ ఎందుకు సన్నగిల్లి ఉంటుందో ఆధునిక ప్రయోగాలు వివరిస్తాయి.

కొలతలు

1960 దశకంలో న్యూయార్క్‌లోని పేదల పేటల్లో మొబిలైజేషన్ ఫర్ యూత్ అనే సంస్థ హైస్కూలు విద్యార్థులను చిన్న తరగతుల పిల్లలకు ట్యూటర్లుగా నియమించింది. ఈ ట్యూటర్లలో చాలామంది స్వయంగా చదవడంలో వెనకబడినవారే. వారికి కొద్దిపాటి వేతనం ఇచ్చారు కాబట్టి దీన్ని పూర్తి స్వచ్ఛంద సేవ అనలేం. రాబర్ట్ క్లోవర్డ్ 1967లో ప్రచురించిన ఫలితాల్లో చదువు చెప్పించుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. చెప్పినవారు అంతకంటే ఎక్కువగా మెరుగుపడ్డారు. చెప్పే పని దొరకని సాటి విద్యార్థులతో పోలిస్తే పఠన పరీక్షల్లో వారి పురోగతి దాదాపు రెట్టింపు. అదే కాలంలో, 1965లో, ఫ్రాంక్ రీస్‌మన్ సాయం చేసే మనిషికే ఎక్కువ మేలు జరుగుతుందనే సూత్రాన్ని ప్రతిపాదించాడు. అతను మరో ఇద్దరితో కలిసి 1971లో రాసిన పుస్తకం, పిల్లలు పిల్లలకు చెప్పే పద్ధతిని అమెరికా బడుల్లో చర్చకు తెచ్చింది.

ఒక్కో అధ్యయనం ఒక్కో మాట చెబుతుంది కాబట్టి అన్నింటినీ కలిపి చూడడం అవసరం. పీటర్ కోహెన్, జేమ్స్ కూలిక్, చెన్-లిన్ కూలిక్ 1982లో 65 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ట్యూటర్లుగా పనిచేసిన విద్యార్థులకు ఆ విషయంలో అవగాహన పెరిగినట్టు, ఆ విషయం మీద ఇష్టం కూడా పెరిగినట్టు తేలింది. లాభం గణితంలో ఎక్కువగా, పఠనంలో తక్కువగా ఉంది. తమ మీద తమకున్న గౌరవంలో వచ్చిన పెరుగుదల మాత్రం చిన్నది. నలుగురికీ సాయపడితే ఆత్మవిశ్వాసం పొంగిపొర్లుతుందని ప్రచారంలో ఉన్న మాటకు ఈ లెక్కలు అంత బలం ఇవ్వవు. పెరిగినది ప్రధానంగా విషయం మీద పట్టు.

వివరించబోతే తెలిసే సంగతి

తనకు తెలుసని మనిషి అనుకునేదానికీ, నిజంగా తెలిసినదానికీ మధ్య దూరం ఉంటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ఈ దూరాన్ని కొలిచారు. జిప్పు, కుట్టుమిషను వంటి పరికరాలు ఎలా పనిచేస్తాయో ఎంత బాగా తెలుసని మొదట అడిగారు. తరువాత ఒక్కొక్క అడుగూ వివరంగా రాయమన్నారు. రాయబోయాక తమ అవగాహనకు తామే ఇచ్చుకున్న మార్కులను చాలామంది తగ్గించుకున్నారు. ట్యూటర్‌కు ఈ పరీక్ష ప్రతి సాయంత్రం ఎదురవుతుంది.

భిన్నాల భాగహారం దీనికి మంచి ఉదాహరణ. భాగించే భిన్నాన్ని తిరగేసి గుణించాలని బడికి వెళ్లిన ప్రతివారికీ గుర్తుంటుంది. ఎందుకు తిరగేయాలి అని పిల్ల అడిగితే జవాబు దొరకడం కష్టం. లిపింగ్ మా 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఒకటీ ముప్పావును అరతో భాగించి, ఆ లెక్కకు సరిపోయే కథ చెప్పమని ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను అడిగింది. అమెరికా ఉపాధ్యాయులు 23 మందిలో లెక్కను పూర్తిగా సరిగా చేసినవారు సగం కంటే తక్కువ. సరైన కథ దాదాపు ఎవరికీ కుదరలేదు. చాలామంది అరతో భాగించడానికి బదులు ఇద్దరికి పంచే కథ చెప్పారు. చైనా ఉపాధ్యాయుల్లో అత్యధికులు రెండూ చేయగలిగారు. ఒకటీ ముప్పావు లీటరు పాలను అర లీటరు ప్యాకెట్లలో నింపితే ఎన్ని ప్యాకెట్లు అవుతాయన్నది అలాంటి సరైన కథ. జవాబు మూడున్నర. ఒక లీటరులో రెండు అర లీటర్లు ఉన్నాయి కాబట్టి రెండుతో గుణిస్తున్నామని తెలిసిన క్షణంలో తిరగేయడం వెనకున్న కారణం బయటపడుతుంది. చిన్నప్పుడు సూత్రంగా మింగిన విషయం పాతికేళ్ల తరువాత అర్థం కావడం వాలంటీర్లలో తరచూ కనిపించేదే.

ఈ లాభం చెప్పడానికి సిద్ధమవుతున్నప్పుడే మొదలవుతుంది. జాన్ బార్గ్, యాకోవ్ షుల్ 1980లో, జాన్ నెస్టోయ్‌కో బృందం 2014లో ఇదే పరీక్షించారు. ఒకే పాఠాన్ని కొందరికి పరీక్ష ఉందని చెప్పి, మరికొందరికి వేరొకరికి బోధించాలని చెప్పి ఇచ్చారు. చివరకు ఎవరూ బోధించలేదు, అందరికీ పరీక్షే పెట్టారు. బోధించాలనుకుని చదివినవారు మెరుగ్గా రాశారు. 2014 ప్రయోగంలో వారు పాఠంలోని ముఖ్యాంశాలను, వాటి మధ్య క్రమాన్ని బాగా పట్టుకున్నారు. ఇంకొకరికి అందించాలనుకుంటే మనసు విషయాన్ని సర్దుకుంటుంది.

తరువాతి మెట్టు నోరు విప్పి చెప్పడం. సింగపూర్‌లో కోహ్, లీ, లిమ్ 2018లో చేసిన ప్రయోగం ఇక్కడ కీలకం. 124 మంది విద్యార్థులు డాప్లర్ ప్రభావం గురించిన పాఠం చదివారు. ఒక జట్టు కాగితం చూడకుండా పాఠం చెప్పింది. ఒక జట్టు సిద్ధంగా ఇచ్చిన రాతప్రతిని చూస్తూ చెప్పింది. ఇంకో జట్టు బోధించకుండా, గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. మిగిలిన జట్టు సంబంధంలేని లెక్కలు చేసింది. వారం తరువాత పరీక్షిస్తే, చూడకుండా చెప్పినవారూ, గుర్తు తెచ్చుకుని రాసినవారూ ముందున్నారు. చూసి చదివినవారికి బోధించిన లాభం దక్కలేదు. జ్ఞాపకంలోంచి విషయాన్ని పైకి లాగే శ్రమే ఇక్కడ పనిచేస్తోందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాడ్ రాస్కో, మిషెలిన్ చి 2007లో రాసిన సమీక్షలో ట్యూటర్లను రెండు తీరులుగా చూశారు. తెలిసినదాన్ని ఒలకబోసి ఊరుకునేవారు ఒక తీరు. చెబుతూ తమ అర్థాన్ని తామే సరిచూసుకుంటూ, కొత్త లంకెలు కట్టుకునేవారు రెండో తీరు. నేర్చుకునేది రెండో తీరువారే. వదిలేస్తే చాలామంది ట్యూటర్లు మొదటి తీరులోకే జారిపోతారు. వారిని రెండో తీరుకు లాగేది ఎక్కువగా ఎదుటి పిల్లవాడు వేసే లోతైన ప్రశ్న. లాంకాస్టర్ బడిలో లేనిది అదే.

శిష్యుడి మీద బాధ్యత కూడా ఒక బలం. బెట్టీ అనే కంప్యూటర్ బొమ్మకు సైన్సు నేర్పే సాఫ్ట్‌వేర్‌తో కేథరిన్ చేజ్ బృందం 2009లో బడి పిల్లలను పరిశీలించింది. బెట్టీకి నేర్పుతున్నామనుకున్న పిల్లలు, తమ కోసం చదువుకున్న పిల్లల కంటే ఎక్కువసేపు పాఠం మీద గడిపారు. చదువులో వెనకబడినవారిలో ఈ తేడా మరింత ఫలించింది. బెట్టీ తప్పు చెప్పినప్పుడు వారు బాధ్యత తీసుకున్నారు, కానీ తామే ఓడిపోయినట్టు కుంగిపోలేదు. మళ్లీ పాఠం తిరగేశారు.

తప్పు వెనక తర్కం

విషయజ్ఞానం కంటే విలువైన మార్పు, ఎదుటి మనసును చూడడం నేర్చుకోవడం. తెలిసినవారికి తెలియనితనం ఎలా ఉంటుందో ఊహకందదు. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగం దీన్ని అంకెల్లో పెట్టింది. ఒకరు తెలిసిన పాట వరసను బల్ల మీద వేళ్లతో తట్టాలి, వినేవారు ఆ పాటేదో చెప్పాలి. సగం పాటలను పోల్చుకుంటారని తట్టినవారు అంచనా వేశారు. 120 సార్లు తడితే మూడు మాత్రమే పోల్చుకోగలిగారు. తట్టేవారి తలలో పాట మోగుతోంది, వినేవారికి చప్పుడు తప్ప మరేమీ లేదు. పాఠం చెప్పేవారి పరిస్థితి కూడా ఇంతే. మిచెల్ నాథన్, అతని సహచరులు 2000 దశకంలో చూపినట్టు, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారిలో గణితం బాగా వచ్చినవారే పిల్లల కష్టాన్ని ఎక్కువగా తప్పుగా అంచనా వేశారు. మాటల లెక్క కంటే సమీకరణం తేలికని వారు అనుకున్నారు. పిల్లలకు నిజానికి మాటల లెక్కే తేలికైంది.

ఈ తెర ఎలా తొలగుతుందో రెండు ఉదాహరణలు చూపుతాయి. 52 లోంచి 17 తీసివేయమంటే ఒక పిల్లవాడు 45 అని రాస్తాడు. కొత్త ట్యూటర్ దాన్ని పరధ్యానం అనుకుని మళ్లీ చేయమంటాడు. మళ్లీ 45. 81 లోంచి 36 తీసేస్తే 55. అప్పుడు గానీ సంగతి బయటపడదు: పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు. చిన్నదాంట్లోంచి పెద్దది పోదని ఎవరో చెప్పిన మాటను అతను నిజాయతీగా పాటిస్తున్నాడు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో పిల్లల తీసివేత తప్పులను పరిశీలించి, వాటిలో చాలావరకు ఇలాంటి స్థిరమైన నియమాల నుంచి వచ్చినవేనని చూపారు. వారు తయారు చేసిన కంప్యూటర్ ఆటలో పంతుళ్లు కాబోయేవారు ఒక తప్పుడు నియమాన్ని జవాబుల నుంచి ఊహించి పట్టుకోవాలి. ఆట ఆడాక, పిల్లల తప్పులను వారు చూసే చూపు మారింది.

తెలుగు చదవడం నేర్పేవారికి కుర్చీ అనే మాట దగ్గర ఇలాంటి అనుభవమే ఎదురవుతుంది. గుడిదీర్ఘం ర మీద కూర్చుంటుంది, చ కింద ఒత్తుగా ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఆ ఈకారం చకారం తరువాతే వస్తుంది. అక్షరాన్ని కనబడిన వరసలో కూడబలుక్కునే పిల్ల కురీచ అని చదివితే, ఆమె కంటికి కనబడినదాన్నే చదివింది. పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడి, వేల పేజీలు చదివిన పెద్దలకు ఈ మెలిక ఎప్పుడూ కనబడి ఉండదు. ఆ పిల్ల తప్పు వల్లనే అది కనబడుతుంది. అప్పటి నుంచి ట్యూటర్ ఒత్తు ఉన్న ప్రతి మాటనూ కొత్తగా చూస్తాడు, పిల్లల మందకొడితనం గురించి మాట్లాడడం తగ్గిస్తాడు. ఈ మార్పు బడి దాటి ఇంట్లో, ఆఫీసులో కూడా పనికొచ్చేదే అయినా, దాని విలువ ముందుగా ఆ పిల్లకే దక్కాలి.

పండితులు కానివారికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో ప్రథమ్ సంస్థ ఏర్పాటు చేసిన శిబిరాల్లో కొద్ది రోజుల శిక్షణ పొందిన గ్రామ యువత జీతం లేకుండా పిల్లలకు చదవడం నేర్పింది. అభిజిత్ బెనర్జీ, రుక్మిణీ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ శిబిరాలకు వచ్చిన పిల్లల పఠనం గణనీయంగా మెరుగుపడింది. పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి మొదలుపెట్టడమే ఆ పద్ధతిలో ప్రధానం. అందుకు డిగ్రీ కంటే ఓపికగా గమనించడం ఎక్కువ అవసరం.

పేదరికాన్ని దగ్గరగా చూస్తే

మంచి మనసున్నవారే ఇలాంటి పనికి వస్తారు కాబట్టి, వారి అభిప్రాయాలు పని వల్ల మారాయా, ముందే అలా ఉన్నాయా అన్నది తేల్చడం కష్టం. దీనికి సిసిలియా మో, కాథరిన్ కాన్ ఒక ఉపాయం కనుగొన్నారు. అమెరికాలో టీచ్ ఫర్ అమెరికా సంస్థ పట్టభద్రులను ఎంపిక చేసి రెండేళ్లు పేద ప్రాంతాల బడుల్లో పనిచేయిస్తుంది. ఎంపికకు ఒక మార్కుల హద్దు ఉంటుంది. ఆ హద్దుకు కాస్త పైన ఉండి చేరినవారికీ, కాస్త కింద ఉండి చేరలేకపోయినవారికీ స్వభావంలో పెద్ద తేడా ఉండదు. 32,000కు పైగా దరఖాస్తుదారుల జవాబులను ఈ విధంగా పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. బడిలో పనిచేసినవారు పేదల వెనకబాటుకు వ్యక్తుల సోమరితనం కంటే వ్యవస్థలోని అన్యాయాన్ని కారణంగా చూడడం ఎక్కువైంది. జాతి విద్వేష భావాలు తగ్గాయి. విల్ డాబీ, రోలాండ్ ఫ్రయర్ 2015 అధ్యయనంలో కూడా జాతుల పట్ల సహనం, పేద పిల్లల సామర్థ్యం మీద నమ్మకం పెరిగాయి. ఇది జీతం ఉన్న పూర్తికాలపు పని. వారానికి రెండు గంటలు వచ్చేవారిలో ఇంత మార్పు వస్తుందని దీన్నిబట్టి చెప్పలేం. మార్పు ఏ దిశలో ఉంటుందన్నది మాత్రం తెలుస్తుంది. హోంవర్కు చేయకపోవడం వెనక చెల్లెల్ని ఎత్తుకునే బాధ్యత, చీకటి పడితే దీపం లేని గది ఉన్నాయని తెలిసినవారు బద్ధకం అన్న మాటను అంత తేలిగ్గా వాడలేరు.

వయసు మళ్లినవారిలో, పదోతరగతి పిల్లల్లో

మనిషి నడివయసు దాటాక తరువాతి తరానికి ఏదైనా ఇవ్వాలన్న కోరిక బలపడుతుందని ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రతిపాదించాడు. ఆ కోరికకు ఒక పని చూపిస్తే ఆరోగ్యం మీద ప్రభావం ఉంటుందా అన్న ప్రశ్నతో లిండా ఫ్రీడ్, మిషెల్ కార్ల్‌సన్ తదితరులు బాల్టిమోర్ నగరంలో పెద్ద ప్రయోగం నడిపారు. ఎక్స్‌పీరియన్స్ కోర్ కార్యక్రమంలో 60 ఏళ్లు దాటినవారు వారానికి 15 గంటలు ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు, గ్రంథాలయం పనుల్లో సాయపడేవారు. ఖర్చులకు కొద్దిపాటి భత్యం ఉండేది. ప్రయోగంలో 702 మందిని చీటీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. వారిలో 111 మందికి మెదడు స్కానింగ్ చేసి 2015లో ఫలితం ప్రకటించారు. మామూలుగా వయసుతో కుంచించుకుపోయే మెదడు బయటి పొర, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ పరిమాణం, రెండేళ్లు బడికి వెళ్లిన పురుషుల్లో 0.7 నుంచి 1.6 శాతం పెరిగింది. స్త్రీలలో పెరుగుదల స్వల్పం. వెళ్లని జట్టులో తగ్గుదలే కనిపించింది. తరువాతి తరానికి పనికొస్తున్నామన్న భావం కూడా వాలంటీర్లలో పెరిగినట్టు మరో విశ్లేషణ చెప్పింది. బడికి నడిచి వెళ్లడం, తోటివారితో కలిసి సమస్యలు తేల్చుకోవడం, పిల్లలతో మాట్లాడడం ఇందులో కలగలిసి ఉన్నాయి. వాటిలో బోధన వాటా ఎంతో విడదీయడం కష్టం. కారణం ఏదైనా, అరవై దాటిన మనిషికి ప్రతి ఉదయం ఎదురుచూసే పిల్లలున్న చోటు ఉండడం చిన్న విషయం కాదు.

వయసులో రెండో కొసన ఉన్నవారి మీద కెనడాలో ఒక ప్రయోగం జరిగింది. హన్నా ష్రయర్ బృందం 2013లో 106 మంది పదోతరగతి విద్యార్థులను చీటీ పద్ధతిలో విడదీసి, సగం మందిని వారానికోసారి చొప్పున రెండు నెలలు ప్రాథమిక బడి పిల్లలతో హోంవర్కు, ఆటల వంటి పనులకు పంపింది. ఆ తరువాత రక్తపరీక్షలు చేస్తే, వెళ్లినవారిలో శరీరంలోని వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-6, కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నాయి, శరీర బరువు సూచిక కూడా తగ్గింది. సహానుభూతి, పరోపకార ప్రవర్తన ఎక్కువగా పెరిగినవారిలోనే ఈ తగ్గుదల ఎక్కువ. పరిశీలించినది ఒక్క బడి, కొద్ది నెలలు. ఆ తేడా ఎంతకాలం నిలుస్తుందన్నది ఈ ప్రయోగం నుంచి తెలియదు.

పిల్లలు చెల్లించే మూల్యం

చెప్పేవారికి ఇంత దక్కుతుంది కాబట్టి ఒక ప్రమాదం కూడా ఉంది. పిల్లలు ఎవరి అనుభవానికో ముడిసరుకుగా మారవచ్చు. ఫొటోలు దిగి, సర్టిఫికెట్ తీసుకుని నెల తిరక్కుండా మానేసే వాలంటీర్‌ను కొందరు నిర్వాహకులు సమాజసేవగానే లెక్కవేస్తారు. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో అమెరికాలో పెద్దల తోడు పొందిన పిల్లలను పరిశీలించారు. ఏడాది, అంతకు మించి సాగిన జంటల్లో పిల్లలకు అత్యధిక మేలు జరిగింది. మొదటి కొద్ది నెలల్లోనే తెగిపోయిన జంటల్లో పిల్లల ఆత్మగౌరవం మునుపటి కంటే తగ్గింది. తమను వదిలేశారన్న భావన వారికి మిగిలి ఉండవచ్చు.

చెప్పేవారి ఎదుగుదలకు, పిల్లల మేలుకు కావలసిన ఏర్పాట్లు చాలావరకు ఒకటే కావడం మాత్రం ఊరట. ఏడాది పొడవునా అదే పిల్లవాడికి అదే ట్యూటర్ ఉంటే తప్పుల వెనక నియమాలు పట్టుబడతాయి. పాఠం చూసి చదివే రాతప్రతులు ఇవ్వకుండా, చెప్పబోయేదాన్ని ముందురోజు చదువుకుని రమ్మంటే జ్ఞాపకానికి శ్రమ పడుతుంది. పిల్లలు ప్రశ్న వేసేదాకా ఆగడం నేర్పాలి. పాఠం అయ్యాక పావుగంట కూర్చుని ఎవరు ఎక్కడ ఆగారో వాలంటీర్లు ఒకరికొకరు చెప్పుకునే వీలు కల్పించాలి. వెళ్లిపోక తప్పనివారు ఏ రోజున వెళ్తున్నారో పిల్లలకు ముందుగా చెప్పి, అప్పటిదాకా పిల్లవాడికి వచ్చినవి, రానివి, చేసే తప్పుల తీరు రాసి తరువాత వచ్చేవారికి అప్పగించాలి.